బోరు నీళ్లలో ఫ్లోరైడ్: తక్కువ ఖర్చుతో ఇంట్లోనే తాగునీటిని బాగుచేసుకునే విధానం

కనిగిరి వైపు మా ఊళ్లో మా అమ్మ ఇరవై ఏళ్లకు పైగా బోరు నీళ్లను కాచి, చల్లార్చి, మూడు మడతల పాత పంచె గుడ్డతో వడకట్టి తాగింది. అలా చేయమని చెప్పింది నేనే. డిగ్రీ కళాశాలలో రసాయన శాస్త్రం బోధిస్తూ కూడా, ఆ నీటిని ఒక్కసారి పరీక్ష చేయించాలన్న ఆలోచన నాకు రాలేదు. చివరకు పరీక్ష చేయిస్తే లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ తేలింది. కాచడం వల్ల సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. ఆవిరై పోయేది నీరు మాత్రమే. పది లీటర్లు పొయ్యి మీద పెట్టి ఎనిమిది లీటర్లు మిగిలే దాకా కాస్తే, లీటరుకు 3 మిల్లీగ్రాములు ఉన్నది 3.75 అవుతుంది. అప్పటికే అమ్మ మెడ పక్కకు తిప్పాలంటే మనిషంతా తిరగవలసి వచ్చేది. మరో ఇంట్లో ఇలా జరగకూడదన్న తపనతో, గత కొన్నేళ్లుగా నేను చదివినవీ చేతులారా చేసి చూసినవీ ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు మనసులో పెట్టుకోవలసిన మాట ఒకటుంది. నీటిలో ఏ మలినం ఉందో తెలియకుండా ఏ ఫిల్టరూ కొనకూడదు, ఏ చిట్కా మొదలుపెట్టకూడదు. బురదను పోగొట్టే పద్ధతి ఫ్లోరైడ్‌ను పోగొట్టదు, ఫ్లోరైడ్‌ను పోగొట్టేది నైట్రేట్‌ను ముట్టుకోదు, సూక్ష్మజీవులను చంపేది ఉప్పును తగ్గించదు. తేటగా, చల్లగా, రుచిగా ఉన్న నీరే మన మెట్ట ప్రాంతంలో ఎక్కువ హాని చేసింది. ఎందుకంటే ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, ఆ మోతాదులో రుచి కూడా లేదు.

ఈ బాధ మనకు కొత్తది కాదు. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్ బృందం 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రజలకు సోకుతున్న ఎముకల జబ్బుకు కారణం తాగునీటిలోని ఫ్లోరైడ్ అని వైద్య పత్రికలో ప్రకటించింది. ఆ పరిశీలన జరిగింది నాటి నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి, 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. అంటే భారతదేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల పళ్లకు, ఎముకలకు పట్టే జబ్బు) చరిత్ర మన గడప దగ్గరే మొదలైంది. ఇక్కడి నేల కింద ఉన్న గ్రానైటు, నైసు రాళ్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. వానలు తక్కువ కావడం వల్ల నీరు ఆ రాళ్ల పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. ఆ నీటిలో బైకార్బనేట్ ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉన్నచోట ఫ్లోరైడ్ మరింతగా కరుగుతుంది. ఎండిన బోరును ఇంకో వంద అడుగులు లోతు చేయించిన రైతుకు నీళ్లతో పాటు ఫ్లోరైడ్ కూడా పెరిగి వచ్చే సందర్భాలు అందుకే ఉన్నాయి.

భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి నిర్దేశించిన ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండటం మంచిది. వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు కూడా 1.5. ఆపైన ఉన్న నీరు తాగిన పిల్లలకు పళ్ల మీద సున్నపు మరకలు, తర్వాత గోధుమరంగు గార ఏర్పడతాయి. పంటి పింగాణీ తయారయ్యేది ఎనిమిదేళ్ల లోపే కాబట్టి, ఇంట్లో ఆ వయసు పిల్లలూ గర్భిణులూ ఉంటే ముందుగా వాళ్ల నీటినే మార్చాలి. ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు.

ఇక పరీక్ష సంగతి. గ్రామీణ నీటి సరఫరా శాఖకు, అంటే అందరూ ఆర్‌డబ్ల్యుఎస్ అని పిలిచే శాఖకు, నీటి పరీక్షా ప్రయోగశాలలు ఉన్నాయి. నమూనాను గాజు సీసాలో కాకుండా శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో తీసుకోవాలి. చేతిపంపును అయిదు నిమిషాలు కొట్టిన తర్వాత, లేదా మోటారు కొంతసేపు ఆడిన తర్వాత, అదే నీటితో సీసాను మూడుసార్లు కడిగి నింపాలి. సీసా మీద బోరు ఎవరిది, ఎన్ని అడుగులు, ఏ తేదీ అన్నవి రాయాలి. ఫ్లోరైడ్‌తో పాటు క్షారత (నీటిలో బైకార్బనేట్ వంటి క్షార గుణపు లవణాల మోతాదు), మొత్తం కరిగిన లవణాలు (దీన్నే టీడీఎస్ అంటారు), కఠినత, నైట్రేట్ కూడా చూడమని అడగడం మరచిపోవద్దు. క్షారత అంకె లేకుండా, ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి వేసే పటిక మోతాదు నిర్ణయించలేము. గ్రామ పంచాయతీల్లో ఇచ్చిన క్షేత్ర పరీక్షా కిట్లలో ఫ్లోరైడ్‌కు రంగు మారే ద్రావకం ఉంటుంది. గులాబీ రంగు తగ్గి పసుపు వైపు తిరిగే కొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువని అర్థం. ఆ కిట్టు అంచనాకు పనికి వస్తుంది, మోతాదు నిర్ణయానికి మాత్రం ప్రయోగశాల అంకే కావాలి. వేసవి చివర ఒకసారి, వానలు వెలిసిన తర్వాత ఒకసారి పరీక్ష చేయిస్తే ఆ బోరు స్వభావం తెలుస్తుంది. చేతిలో పట్టుకుని తిరిగే టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను చూపించదు. దాన్ని నీళ్లలో ముంచి "మీ నీళ్లు మంచివే" అని చెప్పే అమ్మకందారు మాట నమ్మకూడదు.

ఇంటికి వాడే నీరంతా శుద్ధి చేయవలసిన పని లేదు. స్నానానికి, బట్టలకు, గిన్నెలు తోమడానికి ఫ్లోరైడ్ నీరు హాని చేయదు. తాగేందుకు, వంటకు కలిపి మనిషికి రోజుకు 8 లీటర్లు చాలు. అయిదుగురున్న ఇంటికి 40 లీటర్లు. వంట నీటిని మాత్రం వదిలేయకండి. క్యాన్ నీళ్లు తాగుతూ అన్నం, పప్పు బోరు నీళ్లతోనే వండుకునే ఇళ్లు నేను చాలా చూశాను. అన్నం ఆ నీటిని తనలోకి పీల్చుకుంటుంది కదా.

సాగర్ నీరు గానీ, మరే జలాశయం నీరు గానీ కుళాయికి వచ్చే ఊళ్లలో, ఆ నీటిని తాగడానికి, వంటకు కేటాయించుకోవడమే అన్నిటికన్నా సులువైన మార్గం. ఉపరితల జలంలో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువగా ఉంటుంది. నాలుగు రోజులకొకసారి వచ్చినా మూత ఉన్న తొట్టిలో పట్టుకుని, క్లోరిన్ వేసుకుని వాడుకోవచ్చు. అది రాని ఊళ్లలో నేను మొదట చెప్పేది వాన నీరు, తర్వాతే పటిక.

మిద్దె మీద పడే వానలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. 50 చదరపు మీటర్ల మిద్దె మీద, కరువు ఏడాది 600 మిల్లీమీటర్లే కురిసిందనుకున్నా, అయిదో వంతు వృథా పోగా 24,000 లీటర్లు చేతికి వస్తాయి. అయిదుగురికి ఏడాది పొడవునా తాగడానికి, వంటకు కావలసింది 14,600 లీటర్లే. కనుక కొరత వాన వల్ల కాదు, నిలవ చేసే తొట్టి లేకపోవడం వల్ల. జనవరి నుంచి మే దాకా 150 రోజులు గడవాలంటే 6,000 లీటర్ల తొట్టి కావాలి. అంత డబ్బు ఒకేసారి పెట్టలేని వారు 1,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకుతో మొదలుపెట్టి, పసిపిల్లలకు మాత్రమే ఆ నీరు వాడుకున్నా మేలే.

మిద్దెను సెప్టెంబరు చివరికల్లా ఊడ్చి, కడిగి ఉంచాలి, ఎందుకంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడే వానలే మనకు తొట్టి నింపుతాయి. ఎండు మిరపకాయలు, పొగాకు, పేడ పిడకలు ఆరబెట్టిన మిద్దె నీటిని పట్టకూడదు. రంగు పొట్టులు లేచే రేకులూ, పాత ఆస్‌బెస్టాస్ రేకులూ ఈ పనికి వద్దు. వాన మొదలైన తర్వాత మొదటి 2 మిల్లీమీటర్లు, అంటే ఈ లెక్కన 100 లీటర్లు, బయటకు వదిలేయాలి. దుమ్ము, పిట్టల రెట్టలు అందులోనే కొట్టుకుపోతాయి. దీనికి ఖరీదైన పరికరం అక్కరలేదు. దిగే పైపుకు టీ ఆకారపు జాయింటు పెట్టి, ఒక దారిని బిరడాతో మూసే వీలుంచుకుంటే చాలు. వాన మొదట్లో ఆ బిరడా తీసి ఉంచి, తర్వాత మూసేయాలి. తొట్టికి ముందు ఒక డ్రమ్ములో అడుగున కంకర, దానిపైన చిన్న కంకర, ఆపైన కడిగిన ముతక ఇసుక వేసి నీటిని అందులోంచి దించాలి. కడిగిన ఇసుక అని చెప్పింది ఊరికే కాదు. ఇసుకను బకెట్లో వేసి చేత్తో కలుపుతూ నీళ్లు వంచితే మొదట టీ రంగులో వస్తాయి, పదో పన్నెండో సారికి గానీ తేట తేరవు. అంతవరకు కడగనిదే ఆ ఇసుక వడపోతకు పనికిరాదు. తొట్టిలోకి వెలుతురు పోకూడదు, పొంగు నీటి పైపుకు దోమల వల కట్టాలి. 1,000 లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరును ఒక చెంబు నీళ్లలో కలిపి, మడ్డి అడుగుకు చేరనిచ్చి, పైతేటను మాత్రమే తొట్టిలో పోసి, గంట తర్వాత వాడుకోవాలి.

తొట్టి లేని ఇంటికి పటిక పద్ధతి ఉంది. దీన్ని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరి, 1970ల్లో రూపొందించింది. నల్లగొండ జిల్లా పేరుతో నల్లగొండ పద్ధతి అని ప్రసిద్ధమైంది. పటికలోని అల్యూమినియం క్షారత ఉన్న నీటిలో మెత్తని జిగురు తునకలుగా మారి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. విద్యుత్తు అక్కరలేదు, విడిభాగాలు అక్కరలేదు. కావలసింది మోతాదు తెలియడం, ఓపిక.

ఇక్కడ జనం తరచుగా చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. నీరి పట్టికల్లోని మోతాదు ఫిల్టర్ ఆలమ్‌కు, అంటే అల్యూమినియం సల్ఫేట్‌కు వర్తిస్తుంది. అది నీటిశుద్ధి రసాయనాలు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. కిరాణా కొట్లో గడ్డం గీసుకున్న తర్వాత రుద్దుకోవడానికి అమ్మే స్ఫటికం వంటి పటిక సాధారణంగా పొటాష్ పటిక. అందులో అల్యూమినియం వందకు 5.7 పాళ్లే, ఫిల్టర్ ఆలమ్‌లో 8కి పైగా ఉంటుంది. పొటాష్ పటికతో చేస్తే దాదాపు ఒకటిన్నర రెట్లు వాడవలసి వస్తుంది, రుచి కూడా మారుతుంది. కనుక ఫిల్టర్ ఆలమ్‌నే తెచ్చుకోవాలి.

లీటరు నీటిలో 100 గ్రాముల ఫిల్టర్ ఆలమ్ కరిగించి ప్లాస్టిక్ సీసాలో పోసి ఉంచుకుంటే, ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాముల పటిక ఉంటుంది. క్షారత లీటరుకు 400 మిల్లీగ్రాములున్న నీటిని తీసుకుందాం. ఫ్లోరైడ్ 2 అయితే లీటరుకు దాదాపు 310 మిల్లీగ్రాములు, 3 అయితే 405, 4 అయితే 470, 5 అయితే 600 మిల్లీగ్రాముల పటిక కావాలి. 20 లీటర్ల బకెట్‌కు లెక్క కడితే వరుసగా 62, 81, 94, 120 మిల్లీలీటర్ల ద్రావణం అవుతుంది. క్షారత మారితే మోతాదు మారుతుంది కాబట్టి, మీ ప్రయోగశాల కాగితాన్ని అక్కడి రసాయన నిపుణుడికి చూపి మీ బోరుకు తగిన అంకె రాయించుకోండి. కొలతకు మందు సీసాలతో వచ్చే గీతల మూత సరిపోతుంది. పటిక బరువులో ఇరవయ్యో వంతు సున్నం, అంటే 20 లీటర్లకు చిటికెడు, ముందుగా నీటిలో కలపాలి. క్షారత బాగా ఉన్న నీటికి సున్నం అవసరం తక్కువ.

అడుగు నుంచి నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తులో కుళాయి బిగించిన ప్లాస్టిక్ బకెట్ ఒకటి ఉంచుకోండి. సున్నం కలిపిన తర్వాత పటిక ద్రావణం పోసి, కర్రగరిటెతో ఒక నిమిషం వేగంగా, ఆ తర్వాత పది నుంచి ఇరవై నిమిషాలు నెమ్మదిగా ఒకే దిక్కుకు తిప్పాలి. మొదట నీరు పలచటి మజ్జిగలా తెల్లబడుతుంది. అయిదారు నిమిషాలకు విరిగిన పాల తునకల వంటివి కనిపించి, తిప్పే కొద్దీ ఒకదానికొకటి అంటుకుని పెద్దవవుతాయి. ఆ దశలో గబగబా తిప్పితే అవి చితికిపోయి మళ్లీ నీటిలో కలిసిపోతాయి. మా అక్క మొదట్లో పెరుగు చిలికినట్టు చిలికేది. ఆమె బకెట్లో మడ్డి అడుగుకు దిగేదే కాదు, ఆ నీటిలో ఫ్లోరైడ్ తగ్గిందీ తక్కువే. నెమ్మదిగా తిప్పడం అలవాటైన తర్వాత, గంట గడిచేసరికి అడుగున రెండు వేళ్ల మందాన తెల్లటి మడ్డి, పైన తేటనీరు విడివిడిగా కనిపించాయి. గంట పూర్తిగా కదపకుండా ఉంచి, కుళాయి నుంచి తేటనీటిని గుడ్డ మీదుగా బిందెలోకి పట్టుకోవాలి. తేట కాని నీరు తాగకూడదు, ఎందుకంటే దానిలో అల్యూమినియం మిగిలి ఉంటుంది. ప్రమాణాల ప్రకారం అది లీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. నీరు పుల్లగా తోస్తే పటిక ఎక్కువైందని అర్థం. మొదటిసారి చేసిన నీటిని తప్పనిసరిగా ప్రయోగశాలకు పంపి ఫ్లోరైడ్ ఎంత మిగిలిందో చూసుకోండి. మడ్డిని పశువుల కుడితి తొట్టిలోకి గానీ, కూరపాదుల్లోకి గానీ పోయవద్దు. బావికి, బోరుకు దూరంగా, అడుగున సిమెంటు పూత ఉన్న గుంటలో వేయాలి. టీడీఎస్ 1,500 దాటిన నీటికి ఈ పద్ధతి నేను సిఫారసు చేయను. పటిక వల్ల సల్ఫేట్ ఇంకా పెరుగుతుంది.

యాక్టివేటెడ్ అల్యూమినా, అంటే ఫ్లోరైడ్‌ను తనకు అంటించుకునే అల్యూమినియం ఆక్సైడ్, గుళికల ఫిల్టరు మూడో మార్గం. గ్రాము గుళికలు సుమారు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్‌ను పట్టుకుంటాయనుకుంటే, 3 కిలోల ఫిల్టరు లీటరుకు 3 మిల్లీగ్రాముల చొప్పున 2,000 లీటర్ల నీటి నుంచి తీసివేస్తుంది. రోజుకు 40 లీటర్ల ఇంటికి అది 50 రోజులు. ఆ తర్వాత గుళికలను కాస్టిక్ సోడాతో, ఆపై పలచని ఆమ్లంతో కడిగి తిరిగి వాడవచ్చు. అది ఇంట్లో చేయదగిన పని కాదు, తెలిసిన వారు ఊరికొక చోట చేయాలి. మన క్షార నీటిలో ఈ గుళికల సామర్థ్యం ఇంకా తగ్గుతుంది. శక్తి అయిపోయినప్పుడు ఫిల్టరు ఏ గుర్తూ చూపించదు, నీరు మామూలుగానే పడుతుంది. నెలకొకసారి పరీక్షించే ఏర్పాటు లేని ఊరికి దీన్ని ఇవ్వడం కన్నా ఇవ్వకపోవడమే నయమని నా అభిప్రాయం.

ఆర్‌ఓ యంత్రం నీటిని సన్నని పొర గుండా నెట్టి ఫ్లోరైడ్‌ను, ఉప్పును, నైట్రేట్‌ను తగ్గిస్తుంది. పొర పాతబడితే తగ్గించదు, కాబట్టి వాటర్ ప్లాంట్ నీటినీ ఆరు నెలలకొకసారి పరీక్షించమని అడగాలి. అది బయటికి వదిలే నీటిలో ఫ్లోరైడ్ మరింత చిక్కగా ఉంటుంది. ఆ నీటిని పక్కనున్న పాడుబడ్డ బావిలోకి వదలడం ఊరి భూగర్భ జలాన్ని మరింత పాడుచేయడమే.

తక్కిన మలినాల గురించి క్లుప్తంగా చెబుతాను. చెరువు నీటి బురదకు మన పెద్దవాళ్లు చిల్లగింజను కుండ లోపలి గరుకు అంచుకు రుద్దేవారు. ఆ పద్ధతి నిజంగానే పనిచేస్తుంది, మునగ గింజల పిండి కూడా అలాగే పనిచేస్తుంది. వాటితో బురద దిగుతుంది గానీ నీరు సూక్ష్మజీవుల నుంచి పూర్తిగా సురక్షితం కాదు, ఆపైన కాచడమో క్లోరిన్ వేయడమో తప్పదు. తేటనీటిని పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాల్లో నింపి ఆరు గంటలు గట్టి ఎండలో పడుకోబెట్టినా సూక్ష్మజీవులు చస్తాయి, మబ్బుగా ఉంటే రెండు రోజులు ఉంచాలి. నీటిలో మలం కలిసిందా లేదా చూడటానికి గ్వాలియరులో మంజా బృందం 1982లో రూపొందించిన హెచ్‌టూఎస్ సీసా చవకైనది. నీరు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, కలుషితమైన నీరు నల్లబడుతుంది. నీరు పట్టిన కాసేపటికి తుప్పురంగు తేలితే అది ఇనుము. చిల్లులున్న పళ్లెం మీదుగా ఎత్తు నుంచి జల్లులా దించి, రాత్రంతా ఉంచి, ఇసుక మీదుగా వడకడితే చాలా వరకు పోతుంది. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే ఆ నీటితో పసిబిడ్డలకు పాలు కలపకూడదు. కాచినా, పటిక వేసినా అది పోదు. దాని మూలం మరుగుదొడ్డి గుంట, పెంటదిబ్బ, ఎరువులు కాబట్టి వాటిని బావికి కనీసం 15 మీటర్ల దూరం జరపడమే మందు. కోస్తా మండలాల్లో, రొయ్యల చెరువుల పక్కన బోర్లు ఉప్పగా మారినచోట, ఇంటి చిట్కాలేవీ పనిచేయవు. అక్కడ వాన నీరు గానీ ఆర్‌ఓ గానీ వాడవలసిందే.

తిండి విషయం కూడా ఇందులో భాగమే. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరల్లోని కాల్షియం, నీటితో వచ్చిన ఫ్లోరైడ్‌ను కడుపులోనే కొంత పట్టి ఉంచుతుంది. చింతపండు తిన్నప్పుడు మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతుందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించారు. పులుసు మన ఇళ్లలో రోజూ ఉండేదే. ఇది నీటి శుద్ధికి తోడు మాత్రమే, బదులు కాదు. టీ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది గనుక, నలుపు టీ ఎక్కువ తాగే వారు తగ్గించుకోవడం మంచిది.

ఏ పద్ధతి ఎంచుకున్నా వంటింటి గోడకు ఒక కాగితం అంటించుకోండి. బోరు నీటి ఫ్లోరైడ్ అంకె, క్షారత అంకె, 20 లీటర్లకు పోయవలసిన పటిక మిల్లీలీటర్లు, చివరిసారి పరీక్ష చేయించిన తేదీ అందులో పెద్ద అక్షరాలతో రాయాలి. మా అమ్మ వంటింట్లో ఆ కాగితం, చదువు రాని అమ్మకు తెలిసేలా సీసా మూత బొమ్మ, దాని మీద గీతతో సహా ఉంది. అమ్మ ఊళ్లో లేని రోజుల్లో పక్కింటి కోడలు ఆ బొమ్మ చూసే పటిక పోసి నీళ్లు తేర్చి పెడుతోంది.